చెరువూ బోర్లూ ఊరంతా కలిసి కాపాడుకోవాలంటే మొదటి పని ఏది?

నెల్లూరు జిల్లా ఉదయగిరి దగ్గర ఊరి నుంచి ఒక తమ్ముడు అడిగిన ప్రశ్న క్లుప్తంగా ఇది. ఊరికి ఒక చెరువు ఉంది, దాని కింద 110 ఎకరాల ఆయకట్టు. చుట్టూ 60 దాకా బోర్లు. ఒకప్పుడు 200 అడుగుల్లో పడిన నీళ్లు ఇప్పుడు 600 అడుగులకు పోయినా పడతాయన్న నమ్మకం లేదు. ఇరవై మంది కుర్రాళ్లు కలిసి ఏదైనా చేయాలనుకుంటున్నారు. "చెక్ డ్యామ్ కోసం అర్జీ పెట్టాలా, కొత్త బోర్లు వేయకూడదని తీర్మానం చేయాలా, పూడిక తీయించాలా? మా పిల్లల కాలానికి నీళ్లు మిగలాలి" అని అడిగారు.

సూటిగా చెప్తాను. ఆ మూడూ తర్వాత. ముందు ఒక ఏడాది నీళ్లు కొలవండి. కొలిచింది ఊరందరూ చూసే గోడ మీద రాయండి. ఆ లెక్క చేతిలో లేకుండా ఏ తీర్మానం చేసినా అది పార్టీల గొడవగా మారిపోతుంది. లెక్క ఉంటే మాట నీళ్ల మీదే నిలుస్తుంది.

నేను చెప్పేది నేను చూసిన దాన్నిబట్టే. 2004 నుంచి కొన్నేళ్లు కనిగిరి, పామూరు వైపు ఊళ్లలో రైతులతో కలిసి బోర్ల నీటిమట్టాలు కొలిచే పని చేశాను. అప్పట్లో ఐక్యరాజ్యసమితి ఆహార, వ్యవసాయ సంస్థ ద్వారా, నెదర్లాండ్స్ ప్రభుత్వ సాయంతో ఉమ్మడి రాష్ట్రంలోని ఏడు కరువు జిల్లాల్లో ఒక పథకం నడిచింది. వాటిలో ప్రకాశం ఒకటి. రైతులే వాన కొలవాలి, బోర్లలో నీటిమట్టం కొలవాలి, రబీకి ముందు కూర్చుని ఎన్ని నీళ్లున్నాయి, ఏ పంటకు ఎన్ని కావాలి అని జమాఖర్చు రాసుకోవాలి. అంతే. ఈ పంట వేయకూడదన్న నిషేధం లేదు, జరిమానా లేదు, పంట మారిస్తే డబ్బులిస్తామన్న ఆశా లేదు. మొదట్లో నాకే నమ్మకం లేదు. లెక్క చూపిస్తే రైతు వరి మానేస్తాడా అనుకున్నాను. అందరూ మానలేదు. కానీ చాలామంది తగ్గించారు, ఎవరూ చెప్పకుండానే.

ఎందుకు తగ్గించారో ఒక్క సంఘటన చెప్తే అర్థమవుతుంది.

ఒక ఊళ్లో పక్కపక్క చేలల్లో ఇద్దరు రైతులు ఉండేవాళ్లు. బోర్ల మధ్య నూరడుగుల దూరం కూడా లేదు. పెద్దాయన ఎప్పుడూ ఒకటే మాట. "నా పొలం, నా బోరు, నా కరెంటు మీటరు. మధ్యలో మీరెవరయ్యా?" ఒకరోజు పొద్దున్నే ఆయన్ని బతిమాలి పక్క బోరు దగ్గరికి పిలుచుకొచ్చాం. రాత్రి నుంచి రెండు మోటార్లూ ఆపి ఉంచాం. పక్క రైతు బోరులో కేసింగుకీ పైపుకీ మధ్య సందులోంచి టేపు దించితే 71 అడుగుల దగ్గర నీళ్లు తగిలాయి. అప్పుడు పెద్దాయన కొడుకు వెళ్లి వాళ్ల మోటారు వేశాడు. ఇక్కడ టేపు అలాగే పెట్టుకుని కూర్చున్నాం. పావుగంటకు 73. అరగంటకు 75. పక్క బోరు మోటారు అసలు వేయనే లేదు, అయినా దాన్లో నీళ్లు దిగిపోతున్నాయి. పెద్దాయన టేపు తన చేతిలోకి తీసుకుని తనే ఇంకోసారి దించి చూశాడు. ఏమీ అనలేదు. సాయంత్రం పాల కేంద్రం దగ్గర మాత్రం పది మందికి ఆయనే చెప్పాడు, "అది వాడి నీళ్లూ కాదు, నా నీళ్లూ కాదురా, కింద రెండూ ఒకటే" అని. ఆ మాట నేను చెప్పి ఉంటే ఎవరూ వినేవాళ్లు కాదు.

కాబట్టి మీ ఇరవై మందీ మొదట చేయాల్సిన పని ఇలాంటిది.

ఎగువన, మధ్యలో, చెరువు కింద కలిపి ఎనిమిదో పదో బోర్లు ఎంచుకోండి. వాడకం లేని పాత బోరు ఒకటి దొరికితే ఇంకా మంచిది, దాన్లో మట్టం నిలకడగా తెలుస్తుంది. నెలకు ఒకరోజు, ఎప్పుడూ అదే తేదీన, మోటార్లు వేయకముందే కొలవండి. నీళ్లు తగలగానే బీప్ అనే టేపులు దొరుకుతాయి. లేకపోతే అడుగుకో ముడి వేసిన నైలాన్ తాడు చాలు. దాని కొసకు బరువు కట్టి దించితే నీళ్లకు తగిలినప్పుడు చప్పుడు వినపడుతుంది. వానమాపకం ఒకటి బడి ఆవరణలో పెట్టించండి. చెట్ల కింద, గోడ పక్కన పెట్టొద్దు. పిల్లలు పొద్దున్నే చూసి రాస్తారు. పెద్దవాళ్లకన్నా వాళ్లే శ్రద్ధగా రాస్తారని నా అనుభవం.

బోరు ఎంత పోస్తుందో తెలుసుకోవడానికి 200 లీటర్ల డ్రమ్మూ, సెల్ ఫోనులో గడియారం చాలు. మనవాళ్లు "రెండించుల నీళ్లు" అంటారు గానీ ఆ మాటతో లెక్క తేలదు. పైపు నిండా పోసినా, సగం పోసినా రెండించులే అంటారు. డ్రమ్ము 80 సెకన్లలో నిండిందనుకోండి. సెకనుకు రెండున్నర లీటర్లు, అంటే గంటకు 9 వేలు. రోజుకు ఏడు గంటలు మోటారు ఆడితే 63 వేల లీటర్లు. 110 రోజుల పంటకాలానికి దాదాపు 69 లక్షల లీటర్లు. ఎకరా వరికి, 1200 మిల్లీమీటర్ల నీళ్లు కావాలనుకుంటే, 48 లక్షల లీటర్లు పోతాయి. అంటే ఆ బోరు ఎకరాన్నర వరిని కూడా గట్టెక్కించలేదు. అదే శనగకు 250 మిల్లీమీటర్లు చాలనుకుంటే ఎకరాకు 10 లక్షలు. అదే బోరు కింద ఆరెకరాలు పైగా పండుతుంది.

ఇక వాన వైపు చూడండి. ఏడాదికి 700 మిల్లీమీటర్లు పడిందనుకుందాం. ఎకరా మీద పడేది 28 లక్షల లీటర్లు. మన మెట్ట ప్రాంతంలో కింద ఉన్నది గట్టి రాయి. అందులో పదో వంతు కిందికి దిగితే గొప్ప. అంటే ఎకరాకు 2 లక్షల 80 వేలు. ఒక ఎకరా వరి పదిహేడు ఎకరాల మీద కురిసి భూమిలోకి ఇంకిన వానను తాగేస్తుంది. వరి కయ్యలో పెట్టిన నీళ్లలో కొంత మళ్లీ కిందికి ఇంకుతుంది, కాబట్టి అసలు లెక్క అంతకన్నా కొంచెం తక్కువే ఉంటుంది. అయినా ఈ పదిహేడు అనే అంకెను నేను ఎక్కడ చెప్పినా జనం ఒక్క నిమిషం ఆగి ఆలోచించారు. మీ ఊరి వాన, మీ ఊరి ఎకరాలు వేసి మీరే లెక్క కట్టండి. వేరే ఊరి లెక్క తెచ్చి చెప్తే ఎవరూ నమ్మరు.

ఈ అంకెలన్నీ పంచాయతీ ఆఫీసులో ఫైల్లో పెట్టొద్దు. గోడ మీద పెయింటుతో గళ్లు గీసి రాయండి. ఏ గోడ అంటే, పాల కేంద్రం గోడ. పొద్దున ఒకసారి, సాయంత్రం ఒకసారి ఊరంతా అక్కడికి వస్తుంది. ముఖ్యంగా ఆడవాళ్లు వస్తారు. నీళ్ల మీటింగుకు పిలిస్తే రాని అక్కలు గోడ మీద అంకె చూసి నన్ను ఆపి అడిగిన రోజులున్నాయి. "పోయిన నెల 84 ఉండె, ఇప్పుడు 97 అయింది, ఇంక ఎండాకాలం ట్యాంకరేనా?" అని. ట్యాంకరు దగ్గర బిందె పట్టుకుని నిలబడేది వాళ్లే కదండీ. మీ కమిటీలో కనీసం సగం మంది ఆడవాళ్లు లేకపోతే అది సగం కమిటీయే అనుకోండి.

ఇప్పుడు జమాఖర్చు మీటింగు ఎప్పుడు పెట్టాలన్నది. మనది చాలా జిల్లాల్లాగా కాదు. నెల్లూరు జిల్లాకు వానలో పెద్ద భాగం ఈశాన్య రుతుపవనాల్లోనే, అంటే అక్టోబరు నుంచి డిసెంబరు లోపు వస్తుంది. ఒక తుఫానుతో చెరువు నిండి కలుజు మీదుగా పొర్లి పారొచ్చు, తుఫాను పక్కకు పోతే ఎండిపోవచ్చు. అందుకని రెండుసార్లు కూర్చోండి. అక్టోబరు మొదట్లో ఒకసారి, "వాన ఇంతే పడితే ఏం చేద్దాం, అంతకు మించి పడితే ఏం చేద్దాం" అని. నవంబరు చివర ఇంకోసారి, చెరువులో ఉన్న నీళ్లు కళ్లారా చూసి. ఎడగారు పైరు, అంటే ఎండాకాలంలో వేసే రెండో పంట, సంగతి మొదటి మీటింగులో అసలు ఎత్తొద్దు. ఫిబ్రవరిలో కొలిచాక చూసుకోవచ్చు. నీళ్లు మిగలకముందే ఎడగారు మీద ఆశలు పెట్టుకుని మా ఆయకట్టులో ఒక ఏడాది నారు పోసి వదిలేసిన రైతులున్నారు.

ఒక పెద్ద చిక్కు ముందే చెప్పాలి. చెరువుకు ఒక చట్టం, బోరుకు ఇంకో చట్టం. చెరువు ఆయకట్టు రైతులకు 1997 చట్టం కింద నీటి వినియోగదారుల సంఘం ఉంటుంది. బోర్లు, చెట్లు, ఇసుక 2002లో వచ్చిన వాల్టా చట్టం, అంటే నీరు, భూమి, చెట్ల చట్టం కిందికి వస్తాయి. కానీ చెరువు నిండితేనే కింద బోర్లు ఊరతాయి, కింద బోర్లు అతిగా తోడితే చెరువు తొందరగా ఇంకిపోతుంది. ఆయకట్టు సంఘంలో పైనున్న మెట్ట బోరు రైతుకు ఓటు లేదు. గొర్రెల కాపరికి, చేపలు పట్టే వాళ్లకు, బట్టలు ఉతికే వాళ్లకు చోటే లేదు. చెరువు మీద వాళ్లందరికీ హక్కుంది, తరతరాలుగా ఉంది. అందుకని సంఘం ఉన్నా సరే, అందరూ కూర్చునే ఊరి మీటింగు ఒకటి వేరేగా పెట్టుకోండి. మీ చెరువు జలవనరుల శాఖదో పంచాయతీదో ఇప్పుడే కనుక్కోండి. రేపు తూము రిపేరుకు ఎవరిని అడగాలో తెలియకపోతే ఒక సీజను అంతా ఆఫీసుల చుట్టూ తిరగడంతోనే అయిపోతుంది.

వాల్టాలో ఒక మాట మాత్రం గట్టిగా పట్టుకోండి. ఊరి తాగునీటి బోరుకు 250 మీటర్ల లోపు అనుమతి లేకుండా కొత్త బోరు వేయకూడదు. దీని మీద ఊళ్లో ఎవరికీ పెద్దగా అభ్యంతరం ఉండదు, ఎందుకంటే తాగేది అందరూ. కొత్త బోర్ల మీద తీర్మానం ఇక్కడి నుంచి మొదలుపెడితే నిలుస్తుంది. మొత్తానికే బోర్లు వద్దు అని మొదలుపెడితే, ఇప్పటికే బోరున్నవాడు లేనివాడికి అడ్డం పడినట్టు అవుతుంది. అది న్యాయం కాదు కూడా. మా దగ్గర ఒకచోట బోరు లేని నలుగురికి, పక్కనే బోరున్న రైతులు పైపు వేసి ఒక తడి, రెండు తడులు ఇచ్చేలా ఒప్పందం రాసుకున్నారు. బదులుగా ఆ నలుగురు కొత్త బోరు వేయం అన్నారు. అనంతపురం, పాలమూరు వైపు కొన్ని ఊళ్లలో బోర్లన్నింటినీ పైపులతో కలిపి ఉమ్మడిగా వాడుకున్నారు. మనకు అంత దూరం వెళ్లడం కష్టమే కానీ ఇద్దరు ముగ్గురితో మొదలుపెట్టొచ్చు.

మేం చేసిన తప్పు ఒకటి చెప్తాను. పథకం అయిపోయాక ఒక ఊళ్లో ఉత్సాహం కొద్దీ రూలు పెట్టాం. బోరు కింద వరి వేస్తే ఎకరాకు ఇంత జరిమానా అని. మొదటి ఏడాది బాగానే జరిగింది. రెండో ఏడాది ఊరి పెద్ద ఒకాయన బంధువులు రెండెకరాలు నాటారు. మేం నోరు తెరవలేదు. మూడో ఏడాది ఊరంతా నాటారు. గోడ మీద రాయడం కూడా ఆపేశారు, అది నాకు ఇప్పటికీ బాధే. అప్పుడు నేర్చుకున్నదేంటంటే, అందరికీ సమానంగా అమలు చేయలేని రూలు అసలు పెట్టకూడదు. కొలవడం మాత్రం ఏ గొడవ వచ్చినా ఆపకూడదు. రూలు పోయినా లెక్క ఉంటే మళ్లీ మొదలుపెట్టొచ్చు.

చెక్ డ్యామ్ గురించి. వద్దనను. కానీ చెక్ డ్యామ్ కొత్త నీళ్లను పుట్టించదు, పారే నీళ్లను ఆపుతుంది. ఆపితే కింద ఎవరికో తగ్గుతుంది. ఒకచోట వాగు మీద ఒకదాని తర్వాత ఒకటి నాలుగు కట్టారు. దిగువ ఊరి కుంటకు రెండేళ్లు చుక్క రాలేదు. ఆ ఊరి వాళ్లు గడ్డపారలతో వచ్చారు. తప్పు వాళ్లదని నేననను. కట్టే ముందు దిగువ ఊరి పెద్దల్ని పిలిచి వాగు గట్టు మీదే మాట్లాడండి. కొండకు అవతల, కడప జిల్లా పోరుమామిళ్ల చెరువు దగ్గర 1369 నాటి శాసనం ఉంది. మంచి చెరువుకు పన్నెండు అంగాలు, ఆరు దోషాలు చెప్తుంది. ఆ దోషాల్లో రెండు రాజ్యాల సరిహద్దులో ఉండటం ఒకటి. నీళ్లు తక్కువై పారాల్సిన నేల ఎక్కువ కావడం ఇంకొకటి. ఆరున్నర వందల ఏళ్ల కిందటి మాట, ఇవాళ మన ఊళ్ల మధ్య జరిగేది సరిగ్గా అదే.

పూడిక విషయం త్వరగా చెప్తాను. కట్ట దగ్గర తవ్వనివ్వొద్దు, కట్ట బలహీనపడుతుంది. ట్రాక్టర్ల వాళ్లకు దగ్గరని అక్కడే తవ్వుతారు, దగ్గరుండి ఆపాలి. తూము మట్టం కన్నా లోతుగా తవ్వితే ఆ నీళ్లు పొలానికి ఎక్కవు, పశువులకు, ఇంకడానికి పనికొస్తాయి. అది తెలిసి చేస్తే మంచిదే. పూడిక కన్నా ముందు వరవ కాలువ చూడండి, అంటే చెరువులోకి నీళ్లు తెచ్చే కాలువ. నేను చూసిన చెరువుల్లో సగం నిండకపోవడానికి కారణం పూడిక కాదు, ఆ కాలువను ఎవరో చేలో కలుపుకోవడమే. సర్వే నంబరుతో కొలిపించండి. అది మాత్రం కుర్రాళ్లు ఒంటరిగా వెళ్లి చేయొద్దు, పెద్దల్ని ముందు పెట్టండి.

నీరుకట్టు సంగతి మర్చిపోవద్దు. మా తాత కాలంలో తూము ఎత్తేదీ, దించేదీ ఒక్క నీరుకట్టే. ఎవరి కయ్యకు ఎంతసేపు అన్నది ఆయన మాట. కళ్లం దగ్గర ఆయన మేర ధాన్యం ఆయనకు కొలిచి ఇచ్చాకే మిగతాది ఇంటికి చేరేది. ఇప్పుడు ఆ పని ఎవరిదీ కాదు కాబట్టి రాత్రిపూట ఎవడికి వాడు తూము తిప్పుకుంటాడు. చివరి కయ్యకు నీళ్లు అందవు. మా సంఘంలో మళ్లీ ఒక మనిషిని పెట్టుకున్నాం, ఎకరాకు ఇంత అని అందరం వేసుకుని జీతం ఇస్తున్నాం. చివరి ఆయకట్టు రైతుల్లోంచే ఆయన్ని ఎంచాం. చివరి కయ్య తడిస్తేనే ఆయన కయ్య తడుస్తుంది కాబట్టి ఎవరూ కాపలా కాయాల్సిన పని లేదు. మీ దగ్గర చేయదగ్గ పనుల్లో తక్కువ ఖర్చుతో ఎక్కువ ఫలితం ఇచ్చేది ఇదే అని నా నమ్మకం.

600 అడుగులు దాటి పోతున్నారు అన్నారు, దాని గురించి టెన్షన్ పడాల్సిందే. లోతు రాళ్లలో ఎక్కువకాలం నిలిచిన నీళ్లలో ఫ్లోరైడ్ ఎక్కువ ఉండే అవకాశం ఉంది. కనిగిరి వైపు మోకాళ్లు వంగని మనుషుల్ని, గారపట్టిన పళ్లతో బడికి వచ్చే పిల్లల్ని చూశాను. తాగే నీళ్లలో లీటరుకు ఒకటిన్నర మిల్లీగ్రాములు దాటకూడదు. కొత్తగా లోతుకు వేసిన బోరు నీళ్లు తాగడానికి వాడే ముందు తప్పకుండా పరీక్ష చేయించండి. పొలానికి పడ్డాయి కదా అని ఇంటికి కూడా పైపు లాగొద్దు.

ఇదే ప్రశ్న కింద ఇంకొకాయన సముద్రం దగ్గరి అల్లూరు వైపు నుంచి అడిగారు, ఇదంతా మాకూ పనికొస్తుందా అని. కొలవడం పనికొస్తుంది, మిగతాది వేరు. సముద్రం పక్క ఇసుక నేలల్లో మంచినీళ్లు ఉప్పునీళ్ల మీద తేలుతుంటాయి. మంచినీటి మట్టం సముద్రమట్టం కన్నా ఒక మీటరు పైన ఉంటే, కింద 40 మీటర్ల దాకా మంచినీళ్లు ఉంటాయని లెక్క. అంటే పైన ఒక్క మీటరు తగ్గితే కింద ఉప్పు 40 మీటర్లు పైకి వస్తుంది. మీరు లోతుకు పోకూడదు, ఒకేచోట గట్టిగా తోడకూడదు. నీటిమట్టంతో పాటు ఉప్పదనం కూడా నెలనెలా కొలవాలి. రొయ్యల గుంటల ఉప్పునీళ్లు ఏ కాలువలోకి వదులుతున్నారో దాన్ని కూడా గోడ మీదే రాయండి.

మళ్లీ ఉదయగిరి తమ్ముడికి. కంభం చెరువు ఎప్పుడైనా చూశారా? విజయనగరం కాలం నాటిది. 2020లో అంతర్జాతీయ నీటిపారుదల కమిషన్ దాన్ని వారసత్వ సాగునీటి కట్టడంగా గుర్తించింది. మీ ఇరవై మందినీ ఒకసారి అక్కడికి తీసుకెళ్లండి, కట్ట మీద నడిపించండి. రెండు కొండల మధ్య ఆ కట్ట చూస్తే, తమ మనవళ్ల మనవళ్లు తాగాలని రాళ్లు మోసిన మనుషులు గుర్తుకొస్తారు. నేను ఉపన్యాసాలతో చేయలేని పని ఆ కట్ట చేస్తుంది.

వచ్చాక మొదటి కొలత పెట్టుకోండి. ముందు రోజు సాయంత్రమే ఇంటింటికీ చెప్పి, రాత్రంతా మోటార్లు ఆపించండి. ఆటోమేటిక్ స్టార్టర్లు ఉన్నవాళ్లను మాత్రం ప్రత్యేకంగా గుర్తుచేయండి. కరెంటు రాగానే అవి తమంతట అవే ఆడి మీ కొలత పాడుచేస్తాయి. పొద్దున ఆరు గంటలకు ఎగువ బోరుతో మొదలుపెట్టి కిందికి రండి. అంకెలు రాసిన కాగితాన్ని ఫోటో తీసి ఇక్కడ పెట్టండి, ఏ బోరుకు ఏ బోరుతో సంబంధం ఉండొచ్చో నేను చూసి చెప్తాను.